తేనెటీగలకి మిషన్ మోత వినపడుతుందా? డ్రోన్లు, గడ్డి మిషన్ల మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో తేనె పెట్టెల గురించి రెండు ముక్కలు రాస్తే ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయండి, అందులోనూ సగానికి సగం డ్రోన్లూ బ్రష్ కట్టర్లే. కోనసీమలో పెళ్ళికి డ్రోన్, చేలో మందుకి డ్రోన్, తోటలో గడ్డికి మిషన్, మరి ఈగలు ఏమంటున్నాయో అడగడం న్యాయమే. చోటు ఉన్నంత వరకు జవాబులు ఇస్తున్నాం, మిగతావి వచ్చే నెల.

ప్రశ్న: మా కొబ్బరితోటలో దేశవాళీ ఈగల పెట్టెలు పెట్టుకున్నామండి. ఇదివరకు కొడవలితో గడ్డి కోయించేవాళ్ళం, ఇప్పుడు మనుషులు దొరక్క బ్రష్ కట్టర్ కుర్రాడిని పిలిచాం. పెట్టె ఇంకా నాలుగు గజాలుందనగా మూతి మీద కుట్టేశాయి, మిషన్ అక్కడే పడేసి బోదెలో దూకాడు. మళ్ళీ రానంటున్నాడు. ఆ మోతకి ఈగలకి కోపం వస్తుందా, లేక వేరే కారణమా? (ఒక పాఠకురాలు, అంబాజీపేట)

జవాబు: ఆ కుర్రాడి తప్పేం లేదండి, ఈగల తప్పు అంతకన్నా లేదు. మనకి వినపడ్డట్టు తేనెటీగకి వినపడదు, దానికి కర్ణభేరి లేదు. దూరంగా ఎక్కడో మోగే మోత దానికి పెద్దగా పట్టదు. మీసం మొదట్లో జాన్‌స్టన్ అవయవం అని ఒకటుంటుంది, బాగా దగ్గర్లో గాలి అటూ ఇటూ కదిలితే మీసం ఊగుతుంది, ఆ ఊపుని ఇది పట్టుకుంటుంది. మేతకి వెళ్ళొచ్చిన ఈగ పెట్టెలో చీకట్లో డాన్స్ కట్టి పువ్వులు ఎటున్నాయో చెప్తుంది కదా (ఆ డాన్స్ గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ ఇచ్చారు), అప్పుడు రెక్కలు చేసే చప్పుడుని పక్కనే ఆనుకుని నడిచే ఈగలు మీసాలతోనే అందుకుంటాయి. ఇది ఒకటి. రెండోది కాళ్ళల్లో ఉంది. మోకాలి కిందుగా ఇంకో అవయవం, నుంచున్న చెక్క గానీ మైనం గానీ ఎంత సన్నగా అదిరినా దానికి తెలిసిపోతుంది. అంచేత రోడ్డు మీద లారీ హారన్‌ని ఈగలు పట్టించుకోవు గానీ మీ కాలు పెట్టె స్టాండుకి తగిలితే మాత్రం లోపల వేల మందికి కబురు అందుతుంది.

నమ్మకపోతే సాయంత్రం చీకటి పడ్డాక పెట్టె పక్కన చెవి పెట్టి వేలితో ఒక్కసారి మెల్లిగా తట్టండి. దేశవాళీ ఈగలైతే లోపల్నుంచి అన్నీ కలిసి "స్‌స్‌స్" అంటాయి, అర సెకను కూడా ఉండదు, టక్కున ఆగిపోతుంది. రెక్కలు ఒకేసారి అదిలించడం వల్ల వచ్చే చప్పుడది. విదేశీ రకమైన ఇటాలియన్ ఈగలు పెంచేవాళ్ళకి ఈ తమాషా దొరకదు.

మోత సంగతికొస్తే, 1957లో అమెరికాలో ఫ్రింగ్స్, లిటిల్ అని ఇద్దరు పెట్టెలో ఈగలకి రకరకాల స్వరాలు గట్టిగా వినిపించి చూశారు. సెకనుకి 300 నుంచి 1000 కంపనాల మధ్య, 107 డెసిబెల్స్ దాటిన మోత పెడితే ఈగలకి కోపం రాలేదండి, ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఒక్కోసారి 20 నిమిషాల దాకా కదల్లేదు. వింతగా ఉంటుంది గానీ వాటి సంసారంలో అది మామూలే. మేతకి వెళ్ళిన చోట ప్రమాదం ఉందనుకోండి, అక్కణ్ణుంచి వచ్చిన ఈగ ఆ చోటు గురించి డాన్స్ చేస్తున్న ఈగని తలతో గుద్ది "బీప్" అని చిన్న అదురు ఇస్తుంది, అంటే ఆపు అని. కొత్త రాణి కూత పెట్టినప్పుడు కూడా పనిచేసే ఈగలు కదలకుండా నిలబడతాయి. ఇలాంటి అదురు తగిలితే ఆగడం వాటికి పుట్టుకతో వచ్చిందే. వట్టి మోత అయితే కుర్రాడిని కుట్టడానికి కారణం కాదన్నమాట.

మరి ఎందుకు కుట్టాయంటారా, బ్రష్ కట్టర్ వట్టి మోత కాదు కదండీ. నైలాన్ తాడు నేలని కొడుతుంటే ఆ దెబ్బ నేల లోంచి స్టాండు కాళ్ళకి ఎక్కుతుంది. టూ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకి 100 పేలుళ్ళు, దాని రెట్టింపులూ మూడింతలూ కూడా ఆ మోతలో కలిసుంటాయి, తేనెటీగ రెక్క కొట్టుకునేది సెకనుకి 230, 250 సార్లు, అంటే కాళ్ళు బాగా పట్టుకునే అదురులోకే ఇది వచ్చి పడుతుంది. పైగా పెట్రోలు ఆయిలు కలిసిన పొగ. తెగిన గడ్డి, మట్టి బెడ్డలు ఎగిరి వచ్చి పెట్టె గుమ్మం మీద పడతాయి. ఇంక ఆ మనిషిని చూడండి, నల్ల టీషర్టు వేసుకుని, చెమట కారుతూ, రొప్పుతూ, అటూ ఇటూ ఊగుతూ నేరుగా గుమ్మం వైపు వస్తున్నాడు. తేనె తినడానికి వచ్చే ఎలుగ్గొడ్డు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, నల్లగా, ఊపిరి వదుల్తూ. ఊపిరిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ వాసనకి ఈగలు ఇంకా రేగుతాయి, అందుకే కుట్టేది ఎక్కువగా మూతి, కళ్ళ దగ్గర.

ఇది ఒక్కసారిగా జరగదు, చూసేవాడికి ముందే తెలుస్తుంది. గుమ్మం పలక మీద కాపలా ఈగలు మామూలుగా అయిదారు తిరుగుతుంటాయి. మొదటి గడ్డిపరక పడగానే అవి ముందు కాళ్ళు రెండూ నేలనుంచి ఎత్తి, మీసాలు ముందుకి చాపి అలా నిలబడిపోతాయి. ఆ తర్వాత ఒకటో రెండో తోక ఎత్తి ముల్లు గది తెరుస్తాయి, రెక్కలు ఆడిస్తూ వాసన వదుల్తాయి. ఆ వాసన అందగానే లోపల్నుంచి ఇంకో పాతిక ముప్పై బిలబిలమని బయటికి వస్తాయి. అక్కడే మిషన్ ఆపి వెనక్కి నడిచిపోతే చాలావరకు సద్దుమణుగుతుంది. మిషన్ నడిపేవాడు చెవులకి మఫ్స్, కళ్ళకి జోడు పెట్టుకుని నేల వైపు చూస్తుంటాడు, ఇవేవీ కనపడవు, కుట్టాకే తెలుస్తుంది.

చెయ్యాల్సింది ఏంటంటే, పెట్టె చుట్టూ అయిదారు గజాల్లో మిషన్ అసలు పెట్టొద్దు. ఆ కాస్త మీరే ముసుగు వేసుకుని వెనక వైపునుంచి కొడవలితో కోసుకోండి. కోసే పనే లేకుండా కావాలంటే పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి, కింద గడ్డి చచ్చిపోతుంది, ఫ్లెక్సీలకి మన దగ్గర కరువు లేదు కదా, నాయకుడి మొహం మాత్రం కిందకి ఉండేలా వేసుకోండి, లేకపోతే వేరే రకం గొడవ వస్తుంది. ఆ పరిధి అవతల మిషన్ పెట్టినా, తెగిన గడ్డి ఎటు పడుతోందో ముందు దూరంగా ఓ చోట చూసుకుని, పెట్టె రెండోవైపు ఉండేలా నడవమనండి. వేళ కూడా ముఖ్యం, ఈగలు ఇంకా బయటికి రాని తెల్లారుజామున, లేదా ఎండ బాగా కాసి చాలా ఈగలు మేతకి పోయినప్పుడు నయం. మబ్బు పట్టి ఉక్కపోసి వానొచ్చేలా ఉందంటే ఆ రోజుకి ఆ వైపు పోవద్దు. వర్షాకాలంలో పువ్వులు తగ్గి ఇంట్లోనే కూర్చున్న ఈగలు మామూలుగానే చిరాకు మీద ఉంటాయి.

ఇంకో సంగతి, దేశవాళీ ఈగ ఇటాలియన్ ఈగలాగా సర్దుకుపోయేది కాదు. మాటిమాటికీ కదిలిస్తే ఒకరోజు పొద్దున్న పెట్టె ఖాళీగా కనపడుతుంది, రాణితో సహా మకాం ఎత్తేస్తాయి. కుట్టించుకోవడం కన్నా అదే పెద్ద నష్టం.

ప్రశ్న: మా ఊరు మధురపూడి విమానాశ్రయానికి దగ్గర. విమానాలు ఇళ్ళ మీదుగానే దిగుతాయి. ఇక్కడ తేనెటీగలు పెంచితే బతుకుతాయా? విమానం శబ్దానికి పారిపోవా? (డిగ్రీ విద్యార్థి, కోరుకొండ మండలం)

జవాబు: శుభ్రంగా బతుకుతాయి బాబూ. జర్మనీలో హాంబర్గ్ విమానాశ్రయం వాళ్ళు 1999 నుంచి తేనెటీగలు పెంచి, ఆ తేనె పరీక్ష చేయించి గాలి ఎంత శుభ్రంగా ఉందో చూసుకుంటున్నారు. షికాగో ఓహేర్ విమానాశ్రయంలో 2011లో పెట్టెలు పెట్టారు. రోజూ ఒకే తీరున వచ్చే మోతని ఈగలు పట్టించుకోవడం మానేస్తాయి, పైగా ఆకాశంలోంచి వచ్చే మోత పెట్టెని పెద్దగా కదపదు.

పారిపోవడం మాట అటుంచి, ఈగలే విమానం మీదకి వచ్చి కూర్చుంటాయి. 2016 జూన్‌లో అమెరికాలో వర్జీనియా వైమానిక స్థావరంలో ఎఫ్-22 యుద్ధ విమానం వెనక గొట్టం మీద దాదాపు 20,000 ఈగల గుంపు వాలింది. తేనెటీగలు పెంచే ఆయన్ని పిలిపించి బకెట్లలో ఎత్తించి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మన కోల్‌కతాలో 2019 సెప్టెంబరులో అగర్తలా వెళ్ళే విమానం అద్దం మీద ముసురుకుంటే ఫైరింజను పిలిచి నీళ్ళు కొట్టించారు, విమానం ఆలస్యమైంది. అది దాడి కాదు. పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ దారిలో ఎక్కడో ఒకచోట ఆగుతుంది, కొమ్మా విమానమా అని చూసుకోదు. అలా గుంపుగా వేలాడే ఈగలకి కాపాడుకోవడానికి పిల్లలు లేవు, తేనె లేదు, కడుపు నిండా తాగి బయల్దేరతాయి, అందుకని చాలా శాంతంగా ఉంటాయి.

ప్రశ్న: మా మహిళా సంఘానికి డ్రోన్ వచ్చిందండి, ట్రైనింగ్ కూడా అయ్యింది, దాళ్వా వరిలో ఎకరాల లెక్కన మందు కొడుతున్నాను. మొన్న ఒక పెద్దాయన గట్టు మీదకొచ్చి మీ డ్రోన్ చప్పుడుకి మా ఈగలు చచ్చిపోయాయి అని నానా గొడవ చేశారు. చప్పుడుకి చస్తాయా? నేనేం చెయ్యాలి? (ఒక డ్రోన్ దీదీ, పాలకొల్లు దగ్గర)

జవాబు: చప్పుడుకి చావవమ్మా. కానీ పెద్దాయన ఈగలు చచ్చిపోయిన మాట మాత్రం నిజమే అయ్యుంటుంది, కారణం డ్రోన్ కింద ట్యాంకీలో ఉంది. ఆయనని వచ్చేసారి ఒకటి చూడమనండి: పెట్టె ముందు ఈగలు నాలిక బయటపెట్టి, వణుకుతూ, ఎగరలేక బొంగరంలా తిరుగుతూ కుప్పలుగా పడి ఉంటే అది మందు దెబ్బే.

ఇది మీకు ట్రైనింగ్‌లో చెప్పారో లేదో తెలీదు గానీ చెప్తున్నా. 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకం ఒప్పుకున్నప్పుడు 15,000 సంఘాలకి డ్రోన్లు అన్నారు, అంటే ఇకమీదట మందు కొట్టడం అనేది చేతి పంపు నుంచి ఆకాశానికి వెళ్తోంది. తైవాన్ స్ప్రేయర్ వీపున వేసుకుని ఎకరానికి వంద లీటర్ల పైన నీళ్ళు కలిపి కొట్టేచోట డ్రోన్ పది లీటర్ల నీళ్ళలో అదే మందు కొడుతుంది. మందు అంతే, నీళ్ళు పదో వంతు, కాబట్టి ఒక్కో చుక్కా చిక్కగా ఉంటుంది. చుక్క సన్నం కూడా, గాలి కాస్త ఉంటే పక్క చేలోకి, గట్టు మీద పూలలోకి, కొబ్బరి పొత్తు మీదకి పోతుంది. ఆ రెక్కల కింద వచ్చే గాలి దెబ్బకి పువ్వు మీద ఉన్న ఈగ తడిసి నీళ్ళలో పడుతుంది. అది అక్కడికక్కడే పోయినా నయమే, ఒక్క ఈగతో పోతుంది. తడిసిన పుప్పొడి ఇంటికి మోసుకెళ్తే పెట్టెలో పిల్లలకి కూడా పెడతాయి.

వరిలో తేనె ఉండదు, అది గాలికి పండే పంటే, మరి ఈగలకి అక్కడేం పని అని చాలామంది అడుగుతారు. పుప్పొడి కోసం వస్తాయి. ఈనిన తర్వాత పూత పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా బాగా విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి మూసుకుంటుంది. ఆ వేళ చేలో నిలబడి చూడండి, కంకుల మీద ఈగలు కాళ్ళకి పచ్చటి ఉండలు కట్టుకుని తిరుగుతుంటాయి. మన వాళ్ళు డ్రోన్ బుక్ చేసేది కూడా సరిగ్గా ఆ వేళకే, ఎండ ఎక్కకముందు అయిపోవాలని. నా మాట విని దాన్ని సాయంత్రానికి మార్చండి, నాలుగున్నర, అయిదు తర్వాత. ఈగలు ఇళ్ళు చేరుతుంటాయి, పూత మూసుకుని ఉంటుంది, తెల్లారేసరికి మందు ఆరిపోతుంది. ఆరిందంటే పూర్తిగా భయం లేదని కాదు, తడి మందు మీద వాలడం కన్నా మాత్రం ఎంతో నయం.

రెండోది మందు ఎంపిక, ఇది రైతు చేతిలో ఉంది గానీ చెప్పేది మీరే కాబట్టి తెలుసుకోండి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణం ఉంటుంది కదా, ఆకుపచ్చో నీలమో ఉంటే ఈగలకి ఏం కాదు అనుకుంటారు. ఆ రంగులు మనుషుల కోసం, ఎలుకల మీద పరీక్ష చేసి వేసినవి. ఈగల సంగతి ఆ రంగు చెప్పదు. థయామెథాక్సామ్ మనిషికి మధ్యస్థం, తేనెటీగకి మాత్రం కడుపులోకి 5 నానోగ్రాములు వెళ్తే చాలు సగం ఈగలు చస్తాయి, అంటే గ్రాములో 20 కోట్ల వంతు. డబ్బాతో వచ్చే కాగితం మీద సన్న అక్షరాల్లో తేనెటీగలకి హానికరం అని రాసుంటుంది, ఎవరూ చదవరు. వరి రసం పీల్చే దోమ (దోమపోటు) మందులే చూడండి, డైనోటెఫ్యురాన్ ఈగలకి చాలా చెడ్డది, అదే దోమకి వాడే పైమెట్రోజిన్ ఈగలకి దాదాపు ఏమీ చెయ్యదు. రెండూ షాపులో దొరికేవే. రైతు సేవా కేంద్రంలో అడిగి ఆ రోజు ఉన్న పురుగుని బట్టి తేల్చుకోండి.

ఇంకా దారుణం, నాలుగు మందులు ఒకే ట్యాంకీలో కలిపి కొట్టెయ్యడం. డ్రోన్ అద్దె ఒకసారికే అవుతుందని తెగులు మందూ పురుగు మందూ కలిపేస్తారు. ప్రాపికొనజోల్ లాంటి తెగులు మందు ఒక్కటీ కొడితే ఈగ తట్టుకుంటుంది. దాన్ని లామ్డా సైహలోత్రిన్ లాంటి పురుగు మందుతో కలిపితే, ఒంట్లో విషాన్ని విరగ్గొట్టే యంత్రాంగాన్ని తెగులు మందు ఆపేస్తుంది, అప్పుడు పురుగు మందు చాలా రెట్లు గట్టిగా పని చేస్తుంది. దీని మీద 1990ల నుంచీ పరిశోధనలు ఉన్నాయి, మన గట్ల మీద మాత్రం ఈ మాట ఎవరూ ఎత్తరు.

పెద్దాయనతో గొడవ పడొద్దు, ముందురోజు ఫోన్ చెయ్యండి చాలు. ఆయన చెయ్యాల్సింది చీకటి పడ్డాక గుమ్మానికి సన్న జాలీ పెట్టి, పైన తడి గోనెసంచి కప్పడం, మర్నాడు కాస్త పొద్దెక్కాక తీసెయ్యడం. రోజంతా మూసేస్తే మాత్రం మన ఎండకి లోపల ఉడికిపోతాయి, పిల్లలుండే చోట 34, 35 డిగ్రీలు దాటనివ్వకుండా రెక్కలతో విసురుకుంటూ నీళ్ళు చల్లుకునే ప్రాణులవి, గాలీ నీళ్ళూ లేకుండా బంధిస్తే మైనం కారిపోతుంది. మందు చల్లిన చేలో నీళ్ళు తాగకుండా పెట్టె దగ్గర ఓ పళ్ళెంలో రాళ్ళేసి నీళ్ళు పెట్టుకోమనండి.

ప్రశ్న: కడియపులంకలో నర్సరీ మాది. జనరేటర్ గది వెనకాలే తేనె పెట్టె ఉంది, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ వేస్తాం, ఆకులు ఊడ్చడానికి బ్లోయర్ కూడా వాడతాం. పంచాయతీ వాళ్ళు దోమల పొగ మిషన్ తెస్తారు. ఈ మూడింట్లో దేనికి భయపడాలి?

జవాబు: పొగ మిషన్‌కి. దాని మోత బ్రహ్మాండంగా ఉంటుంది గానీ భయం మోతకి కాదు, ఆ పొగలో ఉండేది పురుగు మందే. అదృష్టం ఏంటంటే మునిమాపు వేళ వేస్తారు, అప్పటికి ఈగలు లోపలుంటాయి. మీ గేటు దగ్గరే ఆపి, పెట్టె ఉన్న వైపు వెయ్యొద్దని ముందే చెప్పుకోండి, ఆ గంట సేపు గుమ్మానికి తడి గుడ్డ అడ్డం వెయ్యండి. బ్లోయర్ గాలి గుమ్మం వైపు తిప్పకపోతే చాలు. జనరేటర్‌కి పెట్టె అలవాటు పడిపోతుంది, ఒక్క చిక్కు, రెండూ ఒకే సిమెంటు అరుగు మీద ఉంటే అదురు నేరుగా ఎక్కుతుంది. స్టాండు కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వెయ్యండి. పెట్టె జరపాలనుకుంటే ఒకేసారి ఇరవై గజాలు జరిపేరు, మేతకి పోయినవి పాత చోటికే వచ్చి వెతుక్కుని చస్తాయి, రోజుకి రెండు మూడు అడుగులు చొప్పున జరపండి.

ప్రశ్న: నేను ఫొటోగ్రాఫర్ని, ప్రీ వెడ్డింగ్ షూట్లు, తీర్థాలు, డ్రోన్ వీడియోలు చేస్తాను. ఒక గుడి దగ్గర రావిచెట్టుకి పెద్ద తేనెపట్టు ఉంది, దాని పక్కనుంచి డ్రోన్ పోనిస్తే అద్భుతంగా వస్తుందని పార్టీ వాళ్ళు అడుగుతున్నారు. రిస్కా? (అమలాపురం)

జవాబు: వద్దు. డబ్బులు ఎక్కువిస్తామన్నా వద్దు. పెట్టెల్లో ఉండే ఈగ వేరు, రావిచెట్లకీ వాటర్ ట్యాంకులకీ ఒంటి పట్టు పెట్టే పెద్ద ఈగ వేరు. దాని పట్టుకి తొర్ర లేదు, కప్పు లేదు, బయటికే వేలాడుతుంది, ఈగలే ఒకదాని మీద ఒకటి పరుచుకుని దాన్ని కప్పుకుని ఉంటాయి. దాక్కునే చోటు లేని ప్రాణి ముందుగా దాడి చెయ్యడం నేర్చుకుంది. కందిరీగ దగ్గరికొస్తే పట్టు మీద ఈగలు వరసగా తోకలు ఎత్తుతాయి, మన స్టేడియంలో జనం లేచి కూర్చున్నట్టు పట్టంతా ఒక కెరటం పాకుతుంది, అది హెచ్చరిక. జూమ్ చేసి చూస్తే ఈ కెరటం మీ కెమెరాలో కనపడుతుంది, కనపడిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు. పైనుంచి వచ్చే దానికి మాత్రం అవి కెరటంతో సరిపెట్టవు, గద్ద జాతిలో తేనెపట్లే తిని బతికే పక్షి ఉంది, దానికి గుంపుగా ఎదురెళ్ళి తరుముతాయి. నాలుగు రెక్కలు తిప్పుకుంటూ పట్టు ముందు గాలిలో ఆగి చూసే మీ డ్రోన్ వాటికి ఏమనిపిస్తుందో మీరే ఆలోచించుకోండి. చిన్న డ్రోన్ రెక్క నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగితే, రెండు ఆకులు కాబట్టి సెకనుకి 200 దెబ్బలు, అది ఇంచుమించు ఈగ రెక్క చప్పుడు దరిదాపుల్లోకే వస్తుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత. డ్రోన్ రెక్కకి తగిలి నలిగిన ప్రతి ఈగ నుంచీ వాసన బయటికి వస్తుంది. ఆ వాసనలో ముఖ్యమైన పదార్థం ఐసోఅమైల్ అసిటేట్, 1962లో కనుక్కున్నారు, మగ్గిన అరటిపండు వాసనలో ఉండేది కూడా అదే. రావులపాలెం అరటి మార్కెట్ పక్కన పుట్టిన వాళ్ళం, మనకి ఆ వాసన కమ్మగా ఉంటుంది, ఈగలకి అది "రండి, కుట్టండి" అని పిలుపు. (తేనె పెట్టె తెరిచేముందు అరటిపండు తినొద్దని పెద్దవాళ్ళు చెప్పేది అందుకే.) ఇంక డ్రోన్‌ని మీరు వెనక్కి మీ దగ్గరికే తెచ్చుకుంటారు కదా, రిటర్న్ హోమ్ బటన్ నొక్కుతారు, దాని వెనకాలే అవీ వస్తాయి. కింద మీరొక్కరే ఉండరు, పెళ్ళికూతురు, మేకప్ మనిషి, గుడికొచ్చిన ముసలాళ్ళు. పెద్ద ఈగలు వందల గజాలు తరుముతాయి. కనుమ నాడు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట లాంటి చోట, ప్రభల కింద అంత జనం ఉండగా ఇలాంటిది జరిగితే తొక్కిసలాటే సగం చంపేస్తుంది.

పట్టు కనపడని వైపునుంచి, బాగా దూరంగా, ఎత్తులో ఆగకుండా వెళ్ళిపోయేలా తీసుకోండి. రాత్రి ఫంక్షన్ అయితే ఫోకస్ లైట్లు ఆ చెట్టు వైపు తిప్పొద్దు, ఈ ఈగలు వెన్నెల రాత్రుల్లో కూడా మేతకి వెళ్ళే రకం, లైటు చుట్టూ చేరి వడ్డన విస్తళ్ళలో పడతాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకవేళ వచ్చేస్తే డ్రోన్ గురించి మర్చిపోండి, ఉన్నచోటే దింపేసి వదిలెయ్యండి. చేతులు ఊపొద్దు. చొక్కానో పైటో మొహానికి కప్పుకుని దగ్గర్లో ఇల్లో కారో ఉంటే అందులో దూరి తలుపులు వేసుకోండి, నాలుగు ఈగలు లోపలికి వచ్చినా పర్వాలేదు. కాలవలో మాత్రం దూకొద్దు, మన దగ్గర అందరూ చేసే పని అదే, ఈగలు నీటి మీద తిరుగుతూ తల బయటపెట్టేదాకా ఆగుతాయి, ఈదలేని వాళ్ళకైతే ప్రాణం మీదకొస్తుంది. ముల్లు ఒంట్లో ఉండిపోతుంది, దాని సంచిలో విషం 20 సెకన్లలో దాదాపు అంతా లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి గోటితో గీకుతారా పట్టుకుని పీకుతారా అని చూసుకోకుండా ముందు తీసెయ్యండి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు నాలిక వాపు, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం ఇవి కనపడితే సున్నం, పసుపు అని టైం పాడుచెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి, అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజక్షన్, అది ఆసుపత్రిలో ఇస్తారు. చిన్నపిల్లలకీ ముసలాళ్ళకీ చాలా ఈగలు కుట్టి ఉంటే ఇవేవీ కనపడకపోయినా తీసుకెళ్ళాల్సిందే.

ప్రశ్న: పెట్టెలోంచి ఈగలు లేచి గుంపుగా వెళ్ళిపోతుంటే పళ్ళెం గరిటె పెట్టి మోగిస్తే దగ్గర్లో వాలతాయంటారు, నిజమేనా? (లంక గ్రామం నుంచి ఒక రైతు)

జవాబు: మోగించినా వాలతాయి, మోగించకపోయినా వాలతాయండి. లేచిన గుంపు ముందు దగ్గర్లో ఏదో కొమ్మకి కాసేపు వేలాడి, వేగులు పోయి ఇల్లు చూసొచ్చాక మళ్ళీ బయల్దేరుతుంది, ఆ ఆగడాన్ని మనవాళ్ళు పళ్ళెం ఖాతాలో వేసుకున్నారు. మీ ఈగలు అని ఊళ్ళో అందరికీ తెలియడానికి మాత్రం పళ్ళెం మోగించడం పనికొస్తుంది. అవి వేలాడేటప్పుడు కింద ఖాళీ పెట్టె పట్టుకుని కొమ్మని ఒక్క కుదుపు కుదిపితే చాలావరకు అందులో పడతాయి, రాణి పడిందా అనేది గుమ్మం దగ్గర చూస్తే తెలుస్తుంది, మిగతావి తోకలెత్తి రెక్కలాడిస్తూ లోపలికి నడుస్తుంటే పడినట్టే, తిరిగి కొమ్మకే పోతుంటే ఇంకోసారి కుదపండి.